జింక్ ఆక్సైడా, అవోబెంజోనా: సన్‌స్క్రీన్ ట్యూబు వెనక ఏం చూడాలి?

మహారాష్ట్రలోని సిరొంచ, రాజురా, బల్లార్పూర్ వైపు ఎండాకాలంలో 45 డిగ్రీలు మామూలే. అయితే చర్మాన్ని నల్లబరిచేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. చల్లగాలి వీచే రోజున మిరప చేలోనూ అవి పడుతూనే ఉంటాయి.

తునికాకు కోతకో, మిరప ఏరడానికో వెళ్లేవాళ్లకు జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీనే మేలు. అతినీలలోహిత కిరణాల్లోని యూవీ-ఏ, యూవీ-బీ రకాలు రెండింటినీ ఆపుతుంది, ఎండకు విరగదు, చెమటతో కంట్లోకి జారినా పెద్దగా మండదు. టైటానియం డయాక్సైడ్ ఒక్కటే ఉన్న ట్యూబు వద్దు, యూవీ-ఏ దగ్గర అది బలహీనం. జింక్‌తో వచ్చే చిక్కల్లా తెల్లపూత. చామనచాయ ముఖం మీద విభూతి పూసినట్టు తేలుతుంది. అది చూసి పల్చగా రాస్తే ట్యూబు మీదున్న రక్షణ రాదు. చుక్కలు పెట్టి, రెండు పూతలుగా అద్దండి. మంగు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్లు కలిసిన చర్మపు రంగు (టింటెడ్) క్రీమే వెతకాలి. మంగును ముదిరించే మామూలు వెలుతురును కూడా అవి కొంత అడ్డుకుంటాయి.

బస్సెక్కి ఆఫీసుకెళ్లి నీడన కూర్చునేవాళ్లకు అవోబెంజోన్ హాయి, తెల్లగా తేలదు. లేబుల్ మీద దాని పేరు బ్యూటైల్ మెథాక్సీడైబెంజాయిల్‌మీథేన్. ఇది ఎండకు తానే విరిగిపోతుంది, కాబట్టి జత చూడాలి. పక్కన ఆక్టోక్రిలీన్ ఉంటే నిలుస్తుంది. అది లేకుండా ఎథైల్‌హెక్సైల్ మెథాక్సీసిన్నమేట్ ఉంటే ఇంకా త్వరగా చెడుతుంది, ఆ ట్యూబు వదిలేయండి.

ఏది కొన్నా అసలు తేడా కొలతలోనే. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) పరీక్షలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు. ముఖానికి, మెడకు అయితే చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు, తక్కువలో తక్కువ గ్రాము. రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు 25 రోజుల్లోపే అయిపోవాలి. మూడు నెలలు వస్తోందంటే సరిపడా పూయడం లేదనే. ఎస్‌పీఎఫ్ 30 దాదాపు 97 శాతం యూవీ-బీని, 50 అయితే 98 శాతాన్ని ఆపుతాయి. చవగ్గా దొరికే 30నే నిండుగా రాసుకోవడం నయం. బయట ఉంటే రెండు గంటలకోసారి, దస్తీతో చెమట తుడిస్తే వెంటనే మళ్లీ రాయాలి.

తెల్లబడతారంటూ అమ్మే క్రీములో బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ పేర్లు కనబడితే కింద పెట్టేయండి. అవి స్టెరాయిడ్లు, డాక్టరు చెప్పకుండా రోజూ రాస్తే చర్మం పల్చబడుతుంది.

ట్యూబును బండి డిక్కీలో ఉంచొద్దు. వేడికి నూనె, నీరు విడిపోతాయి. నొక్కగానే ముందు నీళ్లు కారితే ఆ ట్యూబు పారేయాల్సిందే.