బ్లూస్ హార్మోనికా: రోజుకు రెండు చిన్న సాధనలు, కొన్నేళ్ల అనుభవంతో

ముందే చెప్పేస్తాను: బ్లూస్ హార్మోనికా (బ్లూస్ సంగీతానికి వాడే మౌత్ ఆర్గాన్) నేర్చుకునేవారికి, పొద్దున పది పదిహేను నిమిషాలు, సాయంత్రం మరో పది పదిహేను నిమిషాలు, ఒక్కో పూట ఒకే అంశం. ఇంతకంటే మంచి పద్ధతి నాకు తారసపడలేదు. దీన్ని కొన్నేళ్లుగా పాటిస్తున్నాను. అంతకుముందు వారాంతంలో ఏకబిగిన గంటల తరబడి వాయించే పద్ధతినీ చాలాకాలం చూశాను. రెండింటి తేడా అన్నిటికంటే స్పష్టంగా వినిపించేది బెండ్ దగ్గర, అంటే గాలి పీలుస్తూ స్వరాన్ని కిందికి దించే చోట.

సి శ్రుతి హార్మోనికా (సి, డి, జి లాంటివి పాశ్చాత్య స్వరాల పేర్లు) చేతిలో ఉంటే బ్లూస్ వాద్యకారులు ఎక్కువగా జి శ్రుతిలో వాయిస్తారు. దీన్నే సెకండ్ పొజిషన్ అంటారు. ఇందులో ప్రధాన స్వరాలు చాలావరకు పీలిస్తేనే పలుకుతాయి. రెండో రంధ్రం పీలిస్తే జి, నాలుగోది పీలిస్తే డి. మూడోది బి. నాలుకను వెనక్కి జరిపి, నోటి లోపలి ఖాళీని మార్చి ఆ బిని బి ఫ్లాట్‌కు (బి కంటే ఒక మెట్టు కింది స్వరం), ఎకు, ఎ ఫ్లాట్‌కు దించవచ్చు. ఒకే రంధ్రంలో మూడు మెట్లు! ఏ మెట్టు మీద ఆగామో చెప్పడానికి చెవి తప్ప మరో ఆధారం లేదు. పైగా బ్లూస్‌కు ప్రాణమైన ఆ స్వరం తరచూ బికి, బి ఫ్లాట్‌కు మధ్య ఎక్కడో నిలుస్తుంది. అంత సున్నితమైన పని అలసిన నోటితో కాదు. పెదవులు, దవడ అలసిపోగానే గొంతు బిగుసుకుంటుంది. ఆ లోటును బలంగా పీల్చి పూడ్చాలనిపిస్తుంది. బలంతో బెండ్ రాదు సరికదా, ఇత్తడి రీడు (లోపల కంపించి స్వరం పలికించే పలుచని రేకు) క్రమంగా శ్రుతి తప్పుతుంది, కొన్నిసార్లు విరిగిపోతుంది కూడా. చిన్న సాధనలకు మారాక నా హార్మోనికాలు శ్రుతిలో ఎక్కువ కాలం నిలుస్తున్నాయి. నాకు ఇది చిన్న లాభమేమీ కాదు.

అందుకే పొద్దున పూట ఒకే ఒక్క బెండ్ పెట్టుకుంటాను. కావలసిన స్వరాన్ని ముందు కీబోర్డు మీద విని, గొంతుతో పాడి, ఆ తర్వాతే హార్మోనికా నోటి దగ్గర పెడతాను. స్వరం నిలకడగా నాలుగు లెక్కల పాటు నిలిస్తే కాసేపు ఆపుతాను. రెండో రంధ్రం అందరినీ ఏడిపిస్తుంది. అక్కడ ఎఫ్ షార్ప్, ఎఫ్ రెండూ దొరకాలి. ఒక పూట రాకపోతే మర్నాటికి వదిలేయడం మేలు. రాత్రి గడిచాక అదే స్వరం తేలిగ్గా పలకడం ఎన్నోసార్లు చూశాను.

సాయంత్రం లయ. ఇక్కడ చాలామంది చెప్పే ఒక సలహాతో నేను విభేదిస్తాను: ప్రతిదీ అతి నెమ్మదిగా మొదలుపెట్టమంటారు. బెండ్ విషయంలో అది నిజం. షఫుల్ (బ్లూస్‌లో వాడే ఊగే లయ) విషయంలో కాదు. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) వేగాన్ని మరీ తగ్గిస్తే షఫుల్‌లోని ఊపు చచ్చిపోయి, అక్షరాలు విడివిడిగా చదివినట్టు ఉంటుంది. అసలు వేగానికి దగ్గరగా ఉంచి, రెండు బార్లు (తాళపు ఆవర్తనాలు) మాత్రమే తీసుకుని తిప్పి తిప్పి వాయించడం నాకు బాగా పనిచేసింది. ఆ రెండు బార్లు కుదిరాక మిగతా పది చేరుస్తాను. బ్లూస్ పాటల పన్నెండు బార్ల చట్రం తెలిసిందే, ఏ బార్‌లో ఏ కార్డ్ (కలిపి పలికే స్వరాలు) వస్తుందో చెప్పేది: నాలుగు జి, రెండు సి, రెండు జి, ఆపై డి, సి, చివర రెండు జి.

శ్వాస గురించి ఒక మాట. ఈ శైలిలో పీల్చేదే ఎక్కువ కాబట్టి ఊపిరితిత్తులు త్వరగా నిండిపోతాయి. వదలడానికి చోటు చూసుకోవాలి. పదబంధాల మధ్య ముక్కుతో వదలడం అలవాటు చేసుకోవచ్చు. తల తిరిగినట్టు అనిపిస్తే వెంటనే ఆపాలి.

ఈ పద్ధతికి ఒక లోటు ఉంది. పావుగంట సాధనతో ఓపిక పెరగదు. అరగంటకు పైగా బృందంతో వాయించాలంటే పెదవులకు, శ్వాసకు వేరే తయారీ కావాలి. అందుకోసం వారానికి ఒక్కసారి నేపథ్య సంగీతంతో ఆగకుండా వాయిస్తాను. త్వరలో వేదిక ఎక్కాల్సినవారికి అదొక్కటే చాలదు.

వాయించని వేళల్లో వినడాన్ని కూడా సాధనగానే లెక్కిస్తాను. బ్లూస్ హార్మోనికా వాద్యకారుడు లిటిల్ వాల్టర్ 1952లో రికార్డు చేసిన ‘జూక్’ను ఒక్కో పదబంధంగా నేర్చుకున్నాను, ఒక్కో దానికి ఎన్ని రోజులు పట్టినా సరే. దానికి ఎ హార్మోనికా కావాలి. పాట ఇ శ్రుతిలో ఉంటుంది. సి హార్మోనికాతో దానికి తోడు వాయించబోతే శ్రుతి కలవదు.

ఇప్పుడు ఆరో రంధ్రంలో ఓవర్‌బ్లో (ఊదే తీరు మార్చి, మామూలుగా దొరకని పై స్వరాన్ని పలికించడం) మొదలుపెట్టాను, బి ఫ్లాట్ కోసం. అప్పుడప్పుడు కీచుమంటుంది, అప్పుడప్పుడు పలుకుతుంది. దానికీ పొద్దుటి పది నిమిషాలే ఇస్తున్నాను.