డజను రాగాలు, ఒక దుడ్డుకర్ర

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పఠాభి కవితల పుస్తకం 'ఫిడేలు రాగాల డజన్' 40 రూపాయలకు దొరికింది. పాత పునర్ముద్రణ, అట్ట ఊడితే ఎవరో దారంతో కుట్టుకున్నారు. పైగా ప్రతి ఇంగ్లీషు మాట కిందా పెన్సిల్ గీత. చాలా గీతలే పడ్డాయి పాపం.

మాది నెల్లూరు. పఠాభి అంటే మా తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి అని గొప్పగా చెప్పుకునేవాళ్లం కానీ, చదివిందెవరు? ఈ పుస్తకం 1939లో వచ్చేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ముందుమాట శ్రీశ్రీది. అప్పటికి 'మహాప్రస్థానం' పుస్తకంగా రావడానికే ఇంకా 11 ఏళ్లుంది. తోటి భావకవులు వెన్నెల్లో ప్రేయసి కోసం నిట్టూరుస్తుంటే ఈయన మద్రాసు నగరాన్ని కవిత్వంలోకి లాక్కొచ్చి, తాను భావకవిని కాదు, అహంభావ కవినన్నాడు.

మా నాన్నకు పోతన పద్యాలు తప్ప మరేదీ కవిత్వం కాదు. ఉడికించడానికే ఆయనకు ఆ పేరుమోసిన మాటలు చదివి వినిపించాను: వచన పద్యాలనే (ఛందస్సు లేని కవితలనే) దుడ్డుకర్రల్తో "పద్యాల నడుముల్ విరగదంతాను" అన్నవి. కోప్పడతారనుకుంటే పకపకా నవ్వారు. "నడుములు అనకుండా నడుముల్ అన్నాడేమ్మా? పద్యాన్ని కొట్టడానికి పద్యం కర్రే కావాల్సొచ్చిందే!" అన్నారు. నిజమే. పద్యాల్లో కనబడే ఆ పొల్లు 'ల్' పక్కనే 'విరగదంతాను' అని నోటి మాట. రెండూ ఢీకొన్న చోటే పఠాభి చమత్కారమంతా. ఛందస్సు చెవికెక్కినవాడే దాన్ని ఇంత సరదాగా వెక్కిరించగలడు.

అన్నీ అలా పండలేదు. కొన్నిచోట్ల ఇంగ్లీషు మాట పెళ్లికొడుకు టైలా వేలాడుతుంది. ఆడవాళ్లు కనబడతారు గానీ నోరు విప్పరు. నాకది విసుగనిపించింది. వచన కవిత్వాన్ని ఉద్యమంలా నడిపి నిలబెట్టింది తర్వాత వచ్చిన కవి కుందుర్తి ఆంజనేయులే. పఠాభి తెగింపు మాత్రం నాకు సమాజం మీద కోపంతో రాసిన 1965 నాటి దిగంబర కవుల్లో మళ్లీ వినబడుతుంది. ఆయనేమో కన్నడం వైపు వెళ్లి, 1970లో 'సంస్కార' సినిమా తీసి అగ్రహారాల్ని కదిపాడు.

పాత కాపీ కొనేటప్పుడు చివరి పేజీలు చూసుకోండి. నాకు దొరికినదాంట్లో పన్నెండో రాగం సగంలోనే తెగింది.