విడతలవారీగా కట్టుకునే పల్లె ఇంటికి బూడిద ఇటుక: వాడిన అనుభవంతో ఒక సమీక్ష

స్థలంలో ముందుగా ఒక కొట్టం వేసుకుని, అందులోనే కాపురముంటూ, పంట డబ్బు చేతికందినప్పుడల్లా ఒక గది చొప్పున ఇల్లు పెంచుకునే కుటుంబాలు నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట మండలాల్లో ఎన్నో ఉన్నాయి. పొగాకు, శనగ, నిమ్మ ఏ ఏడు ఏ ధర పలుకుతాయో చెప్పలేని ప్రాంతంలో అప్పు తెచ్చి ఒక్కసారే స్లాబు దాకా కట్టడం కంటే ఇదే నిబ్బరమైన దారి అని నా నమ్మకం. మేము కూడా వింజమూరు వైపు ఎర్రనేలలో ఇదే విధంగా ఇల్లు కట్టుకుంటున్నాము. పడుకునే గది, వంటగది పూర్తయ్యాయి. వసారా మిగిలి ఉంది. గోడలన్నింటికీ వాడినది బూడిద ఇటుకే కనుక, నెమ్మదిగా కట్టేవారికి అది ఎంతవరకు పనికివస్తుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదలో రాతి పొడి, సిమెంటు గాని సున్నం, జిప్సం గాని కలిపి, యంత్రంతో అచ్చులో నొక్కి, కాల్చకుండా నీటితో తడుపుతూ గట్టిపరిచేదే ఈ ఇటుక. బూడిద, సున్నం, జిప్సంలతో ఇటుక చేసే ఫాల్-జి పద్ధతిని రూపొందించింది విశాఖపట్నానికి చెందిన భానుమతీదాస్, కాళిదాస్ అనే మన తెలుగు పరిశోధకులే. బూడిద వాడకాన్ని తప్పనిసరి చేస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 1999 సెప్టెంబరు 14న తొలి ఉత్తర్వు ఇచ్చింది. నెల్లూరు జిల్లాలోనే ముత్తుకూరు మండలం నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లతో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉన్నందున, ఈ ముడిసరుకు కోసం మన ప్రాంతంలో ఇటుక తయారుచేసే యార్డులు దూరం చూడవలసిన పని లేదు.

ఒకేసారి ఇల్లు కట్టేవాడికి ఇటుక ధర, బలం చూసుకుంటే చాలు. విడతలవారీగా కట్టేవాడికి మాత్రం అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది: రెండేళ్ల తర్వాత వెళ్లి అడిగినా అదే కొలత ఇటుక దొరకాలి. మట్టితో చేసి బట్టీలో కాల్చే నాటు ఇటుక విషయంలో ఈ హామీ లేదు. చెరువు మట్టి మారినా, బట్టీలో మంట ఎక్కువ తక్కువైనా ఇటుక వంకర పోతుంది, కొలత మారుతుంది. పైగా ఎండకు ఆరవలసిన సరుకు కనుక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మనకు అసలు వానలు కురిసే కాలంలో, దాని తయారీ దాదాపు నిలిచిపోతుంది. బూడిద ఇటుక అచ్చు నుంచి వస్తుంది కాబట్టి 9 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం అంటే ప్రతి ఇటుకా అంతే ఉంటుంది. వంటగది గోడను పాత గది గోడకు కలిపినప్పుడు వరుసలు ఒకదాని ఎదురుగా ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. బేల్దారి రసమట్టం పెట్టి చూసి, ఎక్కడా మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) మందం పెంచి సర్దవలసిన అవసరం రాలేదన్నాడు. అయితే యార్డుకూ యార్డుకూ అచ్చులో కొద్దిపాటి తేడా ఉండవచ్చు. అందుకని మొదటి గది కట్టినప్పటి ఇటుక ఒకటి దాచి ఉంచి, తర్వాతి లోడుకు దాన్ని వెంట తీసుకుపోయి పక్కన పెట్టి చూడడం మంచిది.

అతుకు పెట్టే చోటు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే విడతలవారీ ఇళ్లలో పగుళ్లు ఎక్కువగా వచ్చేది అక్కడే. తర్వాత గది రాబోయే మూల దగ్గర గోడను నిటారుగా ముగించకుండా, వరుస విడిచి వరుస సగం ఇటుకను బయటికి వదిలిపెట్టాలి, లేదా మెట్లు మెట్లుగా దించాలి. బయటికి వదిలిన నాటు ఇటుక కొసలు వానకు, మేకల రాపిడికి రాలిపోవడం చాలా ఇళ్లలో చూశాము. సరిగా గట్టిపడిన బూడిద ఇటుక కొసలు మాత్రం మా గోడకు అలాగే నిలిచాయి; కొత్త పని మొదలుపెట్టిన రోజు ఇనుప బ్రష్షుతో దుమ్ము దులిపి, బాగా తడిపి, సిమెంటు పాలు పూసి కలిపారు. లింటెల్ (తలుపు, కిటికీల మీద వేసే కాంక్రీటు దిమ్మె) నుంచి తర్వాతి గది కోసం వదిలిన ఊచలకు కూడా అదే సిమెంటు పాలు దట్టంగా పూయించి ఉంచితే తుప్పు తగ్గుతుంది.

ఇక నాణ్యత. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 12894 ప్రకారం మనం ఇళ్లకు వాడే తరగతుల బూడిద ఇటుక 24 గంటలు నీటిలో నానినా తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదు. దీన్ని ఇంటి దగ్గరే చూసుకోవచ్చు: బాగా ఆరిన ఇటుక 3 కిలోలు తూగితే, ఒక రోజంతా నానిన తర్వాత 3 కిలోల 600 గ్రాములు దాటకూడదు. రెండింటిని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. పగలగొడితే లోపల అంతా ఒకే బూడిద రంగు ఉండాలి. మాకు మొదట వచ్చిన లోడు ఈ పరీక్షలో నిలవలేదు. అది మరొక యార్డు సరుకు. పగలగొట్టిన ఇటుకలో శనగగింజంత తెల్లటి సున్నపు ఉండలు కనిపించాయి, అంచులు వేళ్లతో నలిపితే రాలిపోయాయి, ట్రాక్టరు తొట్టి అడుగున పొడి గుట్టగా మిగిలింది. అచ్చు పోసిన తర్వాత చాలినన్ని రోజులు తడపకుండా పంపిన సరుకది. లోడు వెనక్కి పంపవలసి వచ్చింది, కిరాయి మాత్రం మా మీదే పడింది.

ఇలా పచ్చిగా వచ్చిన ఇటుకతో వచ్చే అసలు ప్రమాదం బలం తక్కువ కావడం ఒక్కటే కాదు. కాల్చిన ఇటుకలా కాకుండా ఇది ఆరేకొద్దీ కొంత కుదించుకుపోతుంది. ఆ కుదింపు యార్డులోనే జరిగిపోవాలి. గోడలోకి ఎక్కిన తర్వాత జరిగితే కిటికీ మూలల నుంచి సన్నని పగుళ్లు బయలుదేరతాయి. తర్వాత మేము ఎంచుకున్న యార్డు వారు ప్రతి వరుస మీదా అచ్చు పోసిన తేదీ సుద్దతో రాసి పెడతారు, నీళ్లు పట్టడం అయిపోయాక కూడా కొన్నాళ్లు నీడలో ఆరనిచ్చిన సరుకే ఎత్తుతారు. ఆ తేదీ చూపించలేని చోట కొనవద్దని గట్టిగా చెబుతాను.

నీళ్ల విషయంలో స్థలంలోనే కాపురముండడం గొప్ప సౌకర్యం. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక కలిపిన మాలుతో కట్టిన గోడను పొద్దునా సాయంత్రమూ తడపడం కూలీకి అప్పగిస్తే రెండు రోజుల్లో మరిచిపోతారు; కొట్టంలో ఉన్నవాళ్లం కనుక మేమే శ్రద్ధగా తడిపాము. ఇటుకను పేర్చే ముందు తడి చేయాలి గాని, తొట్టిలో గంటల తరబడి నానబెట్టకూడదు. నీరు కారుతున్న ఇటుక మాలు మీద జారుతుంది. బోరు నీరు ఉప్పగా ఉండే కనిగిరి, పామూరు వైపు వారు వీలైతే గోడ పనికి మంచి నీటినే వాడాలి, లేకపోతే గోడ మీద తెల్లటి పొర తేలుతుంది.

ప్లాస్టరింగుకు డబ్బు లేక మొదటి గదిని చాలాకాలం బయటి వైపు ఉత్త గోడగానే ఉంచాము. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకూ ఎడతెగని వాన పడింది. ఉత్తరపు గోడకు లోపలి వైపు చెమ్మ దిగింది. కాని ఇటుక ఊడలేదు, అంచులు కరగలేదు. తేటపడ్డాక చెమ్మ ఆరిపోయింది. ఉత్త గోడ ఉంచదలచినవారు కనీసం ఇటుకల మధ్య సందులను సిమెంటుతో పూడ్పించుకోవాలి. ప్లాస్టరింగు తర్వాత చేయించదలచినవారైతే మాలు పచ్చిగా ఉన్నప్పుడే సందులను అర అంగుళం లోతు గీకించి పెట్టుకోవాలి, ఎందుకంటే ఈ ఇటుక ముఖం నున్నగా ఉండి పూతను సరిగా పట్టుకోదు. మేకు దిగడం కూడా కష్టమే, డ్రిల్లు తప్పదు.

పునాదికి మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. ఉదయగిరి, వింజమూరు ప్రాంతంలో రాయి దొరుకుతుంది కనుక బేస్‌మట్టం దాకా రాతి కట్టుబడే మేలు. దర్శి, పొదిలి వైపు నల్లరేగడి నేలల్లో తడికి ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే మట్టి మీద ఏ ఇటుక అయినా ఒక్కటే. అక్కడ ముందు పునాది లోతు గురించి ఆలోచించాలి.

లెక్కకు వస్తే, 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల గదికి 9 అంగుళాల గోడ అయితే తలుపు, కిటికీలు పోగా మూడు వేల పైచిలుకు ఇటుకలు పడతాయి. వెయ్యి ఇటుకల బరువే దాదాపు 3 టన్నులు కాబట్టి మెట్ట గ్రామాలకు ఇటుక ధరతో పాటు కిరాయి కూడా గట్టిగానే పడుతుంది. ఇక్కడే ఈ సరుకుకు నేను తక్కువ మార్కులు వేస్తాను: చాలా యార్డులు లారీ నిండా తీసుకుంటేనే పంపుతామంటాయి, గది చొప్పున కట్టేవాడికి అంత సరుకు ఒక్కసారి అవసరముండదు. మిగిలిన ఇటుకను దొడ్లో పేరిస్తే సందుల్లో తేళ్లు, పాములు చేరతాయి. పిల్లలున్న ఇల్లయితే కొట్టానికి దూరంగా, గ్రావెల్ పరిచిన చోట పేర్చి, కదిలించేటప్పుడు ముందు కర్రతో తట్టాలి. మా యార్డు వారు ట్రాక్టరుకు సరిపడా కూడా ఇస్తామన్నందునే అక్కడ నిలిచాము. పక్క పొలంలో ఇల్లు మొదలుపెట్టిన మా చిన్నాన్న వాళ్లకూ ఇటుక కావాలి కనుక, వసారా కోసం ఈసారి ఇద్దరమూ కలిసి ఒకే లారీ తెప్పించుకుంటున్నాము. వానలు పూర్తిగా తగ్గిన తర్వాత, సంక్రాంతి దాటాక సరుకు ఎత్తమని యార్డులో చెప్పి వచ్చాము.