పోర్ట్ వైన్: మార్కులు చూసి కొనాలా, ‘బెస్ట్ బై’ ముద్ర చూసి కొనాలా?

సోంపేట, కవిటి వైపు నుంచి ఓడల మీద పనికెళ్లిన మా చుట్టాల కుర్రాళ్లు సెలవుకి బయల్దేరే ముందు అడిగే ప్రశ్న ఇది. “బావా, డ్యూటీ ఫ్రీలో పోర్ట్ ఉంది, తొంభై అయిదు మార్కులని చీటీ అంటించాడు. తెచ్చేయమంటావేటి?” పోర్ట్ అంటే పోర్చుగల్‌లో చేసే ఘాటైన తీపి వైన్. ఇంకొకడు బ్రిటన్ పత్రికలో పేజీ ఫొటో తీసి పంపుతాడు. అందులో ఏదో సూపర్‌మార్కెట్ సొంత లేబుల్ సీసాకి ‘బెస్ట్ బై’ ముద్ర ఉంటుంది, ధర చూస్తే మార్కుల సీసాలో నాలుగో వంతు కూడా ఉండదు. మనిషికి రెండు లీటర్లే సుంకం లేకుండా తెచ్చుకోనిస్తారు కాబట్టి కనపడ్డవన్నీ తెచ్చి చూద్దామంటే కుదరదు, ఏ మాట వినాలో తేల్చుకోవాలి.

మార్కులిచ్చేవి వైన్ అంటే ప్రాణం పెట్టేవాళ్ల పత్రికలు. అమెరికాలో వైన్ స్పెక్టేటర్, బ్రిటన్‌లో డికాంటర్ అలాంటివే. వందకి మార్కులేసే పద్ధతిని 1978లో మొదలుపెట్టిన తన పత్రికతో రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ జనంలోకి తెచ్చాడు. పేరుకి వందేగానీ లెక్క 50 దగ్గర మొదలవుతుంది. అచ్చులో మనకి కనిపించేవి చాలావరకు 85 పైనే.

‘బెస్ట్ బై’ అనేది బ్రిటన్‌లో ‘విచ్?’ లాంటి వినియోగదారుల పత్రిక మాట. 1957లో మొదలైన ఆ పత్రిక ప్రకటనలు తీసుకోదు. క్రిస్మస్ ముందు సూపర్‌మార్కెట్ సీసాలని లేబుల్ కనపడకుండా నిపుణుల చేత రుచి చూపించి, మామూలు మనిషి పెట్టిన డబ్బుకి ఏది న్యాయం చేస్తుందో చెబుతుంది.

మార్కుల పత్రికలని తీసిపారేయలేం. 2014లో వైన్ స్పెక్టేటర్ ‘ఈ ఏటి మేటి వైన్’గా డౌస్ అనే కంపెనీ 2011 వింటేజ్ పోర్ట్‌ని ఎంచి 99 మార్కులిచ్చింది. వింటేజ్ అంటే పంట బాగా కుదిరిన ఏళ్లలోనే, పదేళ్లకి మూడు సార్లో ఏమో, ప్రకటించే సరుకు. గొప్పదే, కాదనను. కానీ అది సీసాలోనే ఇరవై ఏళ్లో అంతకన్నా ఎక్కువో పండాలి. ఎప్పుడు తాగితే బాగుంటుందో పత్రికలు మార్కుల పక్కన చిన్నక్షరాల్లో రాస్తాయి. షాపువాడు అంటించే చీటీ మీద మార్కు మాత్రమే మిగులుతుంది.

పలాసలో జీడిపప్పు కొన్నవాళ్లకి ఈ తిరకాసు తెలిసిందే. డబ్ల్యూ-180 అంటే పౌనుకి సుమారు 180 గింజలు తూగేంత పెద్ద గుండు, డబ్ల్యూ-320 దానికన్నా చిన్నది. ఆ నంబరు సైజు చెబుతుంది, ధర పెంచుతుంది. పాయసంలో వేయడానికి బద్దలు చాలని మాత్రం చెప్పదు.

పైగా 91కీ 94కీ తేడా అంత నికరమైనదేం కాదు. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోంచి ఒకే వైన్‌ని మూడు గ్లాసుల్లో పోసి, చెప్పకుండా మిగతావాటిలో కలిపి ఇచ్చారు. అక్కడే వైన్ తయారుచేసే రాబర్ట్ హాడ్జ్‌సన్ 2008లో ఆ ఫలితాలు ప్రచురించాడు: మూడింటికీ దగ్గర దగ్గరగా మార్కులేసినవాళ్లు పదిమందిలో ఒకరే. ఈ దెబ్బ ‘బెస్ట్ బై’ పత్రికకీ తగులుతుంది, రుచి చూసేది అక్కడా మనుషులే కదా.

నా వరకు అసలు తేల్చేది వేరే విషయం, దాన్ని రెండు రకాల పత్రికలూ సరిగ్గా పట్టించుకోవు. మూత తీశాక సీసా ఎన్నాళ్లుంటుంది?

బ్రిటన్‌లో పోర్ట్ అంటే క్రిస్మస్ భోజనం, చివర్లో స్టిల్టన్ చీజ్, చుట్టూ పదిమంది. సీసా ఆ పూటే ఖాళీ. రుచి చూసే నిపుణులూ అప్పుడే తీసిన సీసా మీదే తీర్పు రాస్తారు. శ్రీకాకుళంలో మన ఇంటి లెక్క అది కాదు. ఇంట్లో తాగేది ఒక్కడు, అదీ రాత్రి భోజనమయ్యాక చిన్న గ్లాసులో రెండు గుటకలు. తీపి కాబట్టి ఎక్కువ పోదు. మిగతావాళ్లు వాసన చూసి “దగ్గు మందులా ఉంది” అని పక్కన పెడతారు. సీసా నెలా నెలన్నర నడుస్తుంది, అదీ ఏప్రిల్, మే ఉక్కలో, కరెంటు వస్తూ పోతూ ఉండే ఫ్రిజ్‌లో.

పోర్ట్‌లో 20 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి పాడవదని చాలామంది ధీమా. ద్రాక్షరసం పులుస్తుండగానే 77 శాతం ఆల్కహాల్ ఉన్న స్పిరిట్ కలిపి ఆపేస్తారు కాబట్టి తీపి మిగులుతుంది, ఘాటూ వస్తుంది, నిజమే. కానీ గాలి తగిలితే రుచి చచ్చిపోవడం ఆగదు. వింటేజ్‌ని రెండు మూడేళ్లలోపే సీసాకెత్తేస్తారు, ఆ తర్వాత దశాబ్దాల పాటు గాలి ఎరగదు. మూత తీసిన రెండు మూడు రోజులకే దాని పస పోతుంది. అడుగున మడ్డి కూడా ఉంటుంది, నిదానంగా వేరే పాత్రలోకి వంచుకోవాలి. రూబీ అనే లేత ఎర్ర పోర్ట్, నాలుగు నుంచి ఆరేళ్లకి సీసాకెత్తే ఎల్‌బీవీ (లేట్ బాటిల్డ్ వింటేజ్) అయితే ఫ్రిజ్‌లో వారం, మహా అయితే రెండు వారాలు.

టానీ అనే రకం దారి వేరు. ఏళ్ల తరబడి చెక్క పీపాల్లో కొద్దికొద్దిగా గాలి పీలుస్తూనే పెరుగుతుంది. ఎరుపు పోయి ఇటిక రంగుకి తిరుగుతుంది, ద్రాక్ష రుచి వెనక్కి తగ్గి బాదం, ఎండు అంజీరు రుచి ముందుకొస్తుంది. గాలికి అలవాటు పడ్డది కాబట్టి మూత తీశాక ఫ్రిజ్‌లో నెల దాటినా తాగేలా ఉంటుంది. మడ్డి లేదు, వంచడాలు లేవు. కాస్త చల్లగా తాగినా బాగుంటుంది, మన వాతావరణానికి అంతకన్నా ఏం కావాలి?

అందుకే రెండు పత్రికల్లో నా ఓటు ‘బెస్ట్ బై’కి, కాకపోతే ఒక షరతు మీద. అందులో పేర్లు మనకి పనికిరావు. ఆ సూపర్‌మార్కెట్ సీసాలు డ్యూటీ ఫ్రీలో ఉండవు, మన షాపుల్లో అసలే ఉండవు. తీసుకోవాల్సింది దాని పద్ధతి: లేబుల్ మూసేసి, ధర పక్కన పెట్టుకుని, మామూలు రకాల్లోనే పోటీ పెట్టడం. అలా పెట్టినప్పుడు చవక సీసాలు నెగ్గుకొస్తాయంటే అందులో వింతేం లేదు, సూపర్‌మార్కెట్ సొంత లేబుల్ పోర్ట్ చాలావరకు సిమింగ్టన్ లాంటి పేరున్న కుటుంబాలే తయారుచేసి ఇస్తాయి. డ్యూటీ ఫ్రీలో రూబీ, ఎల్‌బీవీ దాటి టానీ దగ్గరికి వెళ్లండి. పదిమంది కూర్చుని ఒక్క రాత్రిలో ఖాళీ చేసే పెళ్లి మందు పార్టీ అయితే ఎల్‌బీవీయే మేలు, డబ్బూ మిగులుతుంది.

వైట్ పోర్ట్ టానిక్ నీళ్లలో కలుపుకోడానికి బాగుంటుంది. ‘రోజే’ అనే గులాబీ రంగు పోర్ట్ ఫొటోలకి. గోవా నుంచి తెచ్చే ‘పోర్ట్’ తీపి వైనే, దాని సంగతి వేరు. అసలు పోర్ట్ పోర్చుగల్‌లో దౌరో లోయ సరుకు, 1756లోనే హద్దులు గీసి పెట్టారు. బాలింతలకి బలమని పట్టించే అలవాటుంటే మాత్రం ఏ సీసాతోనూ వద్దు.

షాపులో నిలబడ్డప్పుడు పత్రిక చేతిలో లేకపోయినా సీసాయే సగం చెబుతుంది. ముందు లేబుల్ మీద ‘టానీ’ పక్కన 10 (ఏళ్ల వయసు) అని ఉండాలి. 20, 30, 40 కూడా ఉంటాయి, ధర ఎగబాకుతుంది, మొదటిసారికి అంత అక్కర్లేదు. వయసు రాయని ఉత్త టానీ చాలావరకు లేత సరుకే, నెల నిలబడుతుందని ఆశపెట్టుకోవద్దు. వెనక లేబుల్ మీద సీసాకెత్తిన ఏడాది వేస్తారు. టానీ సీసాలో పెరగదు కాబట్టి అది ఎంత దగ్గరిదైతే అంత మంచిది. మూత చేత్తో తిప్పి తీసి మళ్లీ పెట్టుకునే ప్లాస్టిక్ తలకాయ బిరడా అయి ఉండాలి. స్క్రూతో పీకాల్సిన పొడుగు బిరడా కనిపిస్తే అది చాలావరకు దాచుకునే రకం, పక్కదానికి వెళ్లండి.