మునిమాపా, చిమ్మచీకటా: లండన్ నేషనల్ గ్యాలరీ ఫొటోకు ఏది మేలు?

లండన్‌లోని చిత్రకళా ప్రదర్శనశాల నేషనల్ గ్యాలరీ ముందున్న ట్రఫాల్గర్ స్క్వేర్‌కు రాత్రి ఫొటోల కోసం వచ్చేవాళ్లలో చాలామంది బాగా చీకటి పడేదాకా ఆగుతారు. దీపాలు అప్పుడే కళగా ఉంటాయని వాళ్ల నమ్మకం. నేను దీనితో ఏకీభవించను. నేషనల్ గ్యాలరీ భవనం మొత్తం ఒక్క ఫొటోలో రావాలంటే సూర్యాస్తమయం తర్వాత వచ్చే అరగంటే మేలు. పోర్టికో, అంటే ముందున్న స్తంభాల మండపం, ఒక్కదాన్నే దగ్గర నుంచి తీయాలంటే మాత్రం చీకటి మేలు. అలా ఎందుకంటే, కారణం ఆ భవనం కట్టడంలోనే ఉంది.

విలియం విల్కిన్స్ రూపకల్పన చేసిన ఈ భవనం 1838లో తెరుచుకుంది. చాలా పొడవు, ఎత్తు తక్కువ. మధ్యలో ఎనిమిది కొరింథియన్ స్తంభాల (తలమీద ఆకులు చెక్కిన ప్రాచీన గ్రీకు శైలి) పోర్టికో, దాని వెనక ఒక డోము, పొడవునా పైకప్పు మీద చిన్న చిన్న బురుజులు. ఇంత విశాలమైన స్క్వేర్‌కు ఎదురుగా ఆ డోము చాలదన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. ఫొటో తీసేవాళ్లకు ఇది ముఖ్యమైన సంగతి. అసలే చిన్నదైన డోము వెనక ఆకాశం నల్లగా ఉంటే దాని అంచులు చీకట్లో కలిసిపోతాయి. అప్పుడు ఫొటోలో మిగిలేది కింద వెలుగుతున్న ఒక పొడవాటి గోడ, దాని మీద సగం ఫ్రేము నిండా నలుపు. భవనం ఇంకా పొట్టిగా కనబడుతుంది. అదే ఆకాశం ముదురు నీలంలో ఉన్నప్పుడు డోము, బురుజులు, పోర్టికో మీది త్రికోణం అన్నీ విడివిడిగా తేలతాయి. పోర్ట్‌లాండ్ రాయి లేత రంగు కాబట్టి దీపాల వెలుగును చక్కగా పట్టుకుంటుంది. ఆ లేత పసుపుకు వెనక నీలం చక్కగా నప్పుతుంది.

ఈ నీలం ఊరికే రాదు. సూర్యుడు దిగంతం కిందికి వెళ్లాక కాంతి వాతావరణంలో చాలా దూరం అడ్డంగా ప్రయాణిస్తుంది. ఓజోన్ పొర అందులోని పసుపు, నారింజ రంగులను కొంత పీల్చుకోవడంతో నడినెత్తిన నీలం చిక్కబడుతుంది. అది నిలిచేది కొద్దిసేపే. గోడ మీద ఒకసారి, డోము వెనక ఆకాశం మీద ఒకసారి స్పాట్ మీటర్‌తో, అంటే ఒక్క చోటి వెలుగునే కొలిచే కెమెరా మీటర్‌తో, కొలవండి. ఆకాశం గోడ కంటే ఒకటి, ఒకటిన్నర స్టాపులు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు) తక్కువకు దిగినప్పుడు షట్టర్ నొక్కండి. రెండూ సమానంగా ఉన్నప్పుడు తీస్తే ఫొటో పగటి వాసన పోదు. మూడు స్టాపులు దాటిందంటే సమయం మించిపోయినట్టే.

హైదరాబాదు నుంచి వెళ్లినవాళ్లు ఇక్కడ గమనించాల్సిన తేడా ఒకటుంది. మన దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా కిందికి దిగుతాడు. సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల కిందికి చేరడానికి 22 నుంచి 25 నిమిషాలు చాలు. లండన్ 51.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు ఏటవాలుగా జారతాడు. మార్చి, సెప్టెంబరు నెలల్లో అదే దూరానికి 33 నిమిషాలు, జూన్‌లో ముప్పావు గంటకు పైగా పడుతుంది. ఇక్కడ ఉరుకులు పరుగులు పెట్టి తీసే అలవాటున్నవాళ్లకు అక్కడ ఫ్రేము దిద్దుకోవడానికి తీరిక దొరుకుతుంది.

అయితే ఏ నెలలో వెళ్తున్నారన్నది అంతకన్నా ముఖ్యం. గ్యాలరీ దక్షిణం వైపుకు చూస్తుంది, స్క్వేర్‌లో నిలబడిన మనం ఉత్తరం వైపుకు చూస్తాం. జూన్‌లో లండన్‌లో సూర్యుడు వాయవ్యంలో, రాత్రి తొమ్మిదిన్నరకు కాస్త ముందు అస్తమిస్తాడు. అంటే ఆ వెలుగంతా భవనానికి ఎడమగా, వెనక వైపున ఉంటుంది. రాత్రి గడిచేకొద్దీ అది డోము వెనకకు జరుగుతుంది. నడిరాత్రికి కూడా సూర్యుడు ఉత్తర దిగంతానికి దాదాపు 15 డిగ్రీల కిందే ఉంటాడు కనుక ఉత్తరపు ఆకాశం పూర్తిగా నల్లబడదు. డిసెంబరులో ఇదంతా తలకిందులవుతుంది. సూర్యుడు నైరుతిలో, సాయంత్రం నాలుగు కాకముందే అస్తమిస్తాడు. పడమటి వెలుగు మన వీపు వైపున ఉండిపోతుంది, గ్యాలరీ వెనక ఆకాశం ముందుగా నల్లబడుతుంది. అందుకే చలికాలంలో గడియారం చూసి ఆగకుండా పావుగంట ముందే మొదలుపెట్టాలి. అదీగాక, నార్వే 1947 నుంచి ఏటా పంపే క్రిస్మస్ చెట్టు డిసెంబరులో ఫౌంటెన్ల మధ్య నిలబడుతుంది. దక్షిణం నుంచి నేరుగా తీస్తే పోర్టికోకు అది అడ్డు. చెట్టే కావాలనుకుంటే సరే, భవనమే కావాలనుకుంటే పక్కకు జరగక తప్పదు. నన్నడిగితే మే, ఆగస్టు నెలలు చాలా అనుకూలం. నీలం ఎక్కువసేపు ఉంటుంది, అలాగని అర్ధరాత్రి దాకా కాచుకోనక్కరలేదు.

ఇక చీకటి పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది, దాన్ని తక్కువ చేయను. స్క్వేర్‌కు పైన, గ్యాలరీ ముందున్న నార్త్ టెర్రస్ మీదికి ఎక్కి పోర్టికో ముందు నిలబడితే ఫ్రేములో ఆకాశం దాదాపు ఉండదు. అప్పుడు నీలంతో పని లేదు, నీడలతోనే పని. సంధ్యవేళ నాలుగు దిక్కుల నుంచీ మెత్తని వెలుగు పడుతుంది. అది స్తంభాల మీది నిలువు గాళ్లలోకి చేరి లోతును చెరిపేస్తుంది. చీకటి పడ్డాక దీపాల వెలుగు ఒక్కటే మిగులుతుంది. ఒక్కో గాడిలో ఒక అంచు వెలుగుతూ, పక్క అంచు నల్లగా, శిల్పి ఉలి నడిచిన దారి కళ్లకు కడుతుంది. స్తంభం తలమీద చెక్కిన అకాంథస్ మొక్క ఆకుల వంపులైతే పగలు ఎవరూ తలెత్తి చూడరు, రాత్రి ఒక్కో ఆకూ తన నీడతో విడిగా నిలుస్తుంది. శుక్రవారాల్లో గ్యాలరీ రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. మెట్లు దిగివచ్చే మనుషులు స్తంభాల పక్కన చిన్నగా కనిపిస్తే వాటి ఎత్తు తెలిసివస్తుంది. 2003లో ఈ టెర్రస్ మీద వాహనాల రాకపోకలు ఆపేశారు. అంతకుముందు గ్యాలరీకి, స్క్వేర్‌కు మధ్యలో రోడ్డు ఉండేది. ఇప్పుడు బస్సుల హెడ్‌లైట్ల బెడద లేకుండా ఎంతసేపైనా నిలబడి తీసుకోవచ్చు.

వానపడి వెలిసిన రాత్రి మాత్రం నా తీర్పు కాస్త సడలుతుంది. తడిసిన రాతిపలకల మీద దీపాల ప్రతిబింబాలు పరుచుకుంటే ఫ్రేము కింది సగం నిండిపోతుంది కాబట్టి పైన నలుపు అంతగా బాధించదు.

ట్రైపాడా, చేతితోనా అన్నది రెండో ప్రశ్న. భవనం మొత్తానికి నిస్సందేహంగా ట్రైపాడే. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, షట్టర్ సంధ్యలో రెండు నుంచి ఎనిమిది సెకన్ల మధ్య మొదలుపెట్టి, వెలుగునీడల గ్రాఫైన హిస్టోగ్రామ్ చూస్తూ సవరించుకోవచ్చు. అంతసేపు షట్టర్ తెరిచి ఉంటే ఫౌంటెన్ నీళ్లు మంచులా మెత్తబడతాయి, నడిచేవాళ్లు మసకబారి భవనానికి అడ్డు రారు. చేతితో తీయాలంటే ఐఎస్ఓ 1600, 3200 దాకా పెంచాలి. దానితో రాతి నునుపు, రాళ్ల అతుకుల సన్నని గీతలు ఫొటోలో వచ్చే చుక్కల గరుకుతనంలో కొట్టుకుపోతాయి. ఫోను నైట్ మోడ్ చాలా ఫ్రేములు కలిపి ఈ లోటు బాగానే పూడుస్తుంది గానీ, ఆకాశాన్ని ఉన్నదానికన్నా తెల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గిస్తే నీలం తిరిగి వస్తుంది. ఫొటోలు అమ్ముకునే ఉద్దేశం ఉంటే ఈ స్క్వేర్‌లో గ్రేటర్ లండన్ అథారిటీ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ ఉద్దేశం లేకపోతే, ట్రైపాడ్ చూసి ఎవరైనా అడిగినప్పుడు సొంతానికే తీసుకుంటున్నామని మర్యాదగా చెప్పండి.

ఎక్కడ నిలబడాలన్నది చిన్న మాటలో చెప్పేస్తాను. కెమెరాను పైకి వంచితే స్తంభాలు లోపలికి వాలినట్టు వస్తాయి. అందుకే టెర్రస్ మీద కాకుండా కింద స్క్వేర్‌లోకి దిగి, వెనక్కి వెళ్లి, కెమెరాను సమంగా పెట్టి తీయాలి. ముందు ఫౌంటెన్ ఉంటే ఆ దూరం ఖాళీగా అనిపించదు.

ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే రెంటినీ పోగొట్టుకోనక్కరలేదు. సూర్యాస్తమయానికి ముందే కింద స్క్వేర్‌లో ట్రైపాడ్ వేసి, నీలం ఉన్నంతసేపూ అక్కడి నుంచి కదలకండి. ఆకాశం మూడు స్టాపులు పడిపోగానే మడిచి, మెట్లెక్కి, పోర్టికో దగ్గరికి వెళ్లండి.