చెల్లో సాధన మధ్య దశలో: ఒంటరి రచనలా, పియానో తోడా, జంట వాద్యమా? ఏది మేలు?

చెల్లో (వయొలిన్ కుటుంబంలోని, కూర్చొని వాయించే పెద్ద తీగవాద్యం) పట్టుకొని మూడు నాలుగేళ్లు గడిచాక దాదాపు ప్రతి విద్యార్థికీ ఒక చిక్కు ఎదురవుతుంది. మొదటి పుస్తకాల్లోని చిన్న పాటలు చేతికి మరీ తేలికైపోతాయి. కచేరీల్లో వినిపించే డ్వోర్జాక్ కాన్చెర్టో (వాద్యబృందంతో కలిసి వాయించే పెద్ద రచన) లాంటివి ఇంకా అందనంత ఎత్తులో ఉంటాయి. పాశ్చాత్య సంగీత గ్రేడ్ పరీక్షల లెక్కలో సుమారు 4 నుంచి 6 వరకూ సాగే ఈ నడిమి కాలంలో, ఏం వాయిస్తే చేయి సాగుతుంది, ఏం వాయిస్తే సాధన మీద ఇష్టం నిలుస్తుంది అన్నది తేల్చుకోవాలి. నాకు మూడు దారులు కనిపించాయి: తోడు లేకుండా వాయించే రచనలు, పియానో తోడుతో వాయించేవి, మరొక తీగవాద్యంతో కలిసి వాయించే డ్యూయెట్లు. డ్యూయెట్ అనగానే మనకు సినిమాలో ఇద్దరు పాడే పాట గుర్తొస్తుంది కానీ, ఇక్కడ చెప్పేది ఇద్దరు కూర్చొని వాయించే స్వరరచన గురించి. మూడింటినీ కొన్నేళ్లపాటు వాయించిన మీదట నా మొగ్గు డ్యూయెట్ల వైపే ఉంది.

ఒంటరి రచనల మాట వస్తే బాఖ్ మొదటి సూట్‌ను, అంటే కొన్ని చిన్న రచనల వరుసను, దాటిపోవడం ఎవరికీ సాధ్యం కాదు. జి మేజర్‌లో ఉన్న దాని ప్రెల్యూడ్ (మొదటి భాగం) వినడానికి ఎంత విశాలంగా ఉంటుందో, ఆరంభం చేతికి అంత దగ్గరగా ఉంటుంది: జి తీగ, డి తీగ ఖాళీగా మోగుతాయి, ‘ఏ’ (A) తీగ మీద చూపుడు వేలు ఒక్కటే బి స్వరాన్ని పట్టుకుంటుంది. ఆ తేలికను చూసి మొదలుపెట్టినవారికి, 42 బార్ల (తాళపు గళ్ల) పాటు ఎక్కడా ఊపిరి తీసుకోకుండా సాగే ఆ వరుసలో కమానును ఎక్కడ తిప్పాలన్నది అసలు పరీక్ష అవుతుంది. బాఖ్ స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు. భార్య ఆన్నా మాగ్దలేనా రాసిన నకలులో ఏ స్వరాలను ఒకే కమానులో కలపాలో చాలాచోట్ల స్పష్టంగా తెలియదు కాబట్టి ముద్రణకు ముద్రణకు తేడా ఉంటుంది. పక్కన గురువు లేనప్పుడు ఇది విద్యార్థిని నిజంగానే తికమకపెడుతుంది. నా అనుభవంలో ప్రెల్యూడ్ కంటే ముందు ఆ సూట్‌లోని రెండు మినూయెట్లను (చిన్న నృత్య రచనలను) నేర్చుకోవడం మంచిది. అయినా ఒంటరి సాధనలో ఒక లోటు ఎప్పుడూ ఉంటుంది: మన స్వరం కాస్త తగ్గినా, పెరిగినా, దాని పక్కన సరైన స్వరాన్ని నిలబెట్టి చూపేవారు ఎవరూ ఉండరు.

పియానో తోడు ఉన్న రచనల్లో అందమైనవి చాలా ఉన్నాయి. సాన్-సాన్స్ 1886లో రాసిన ‘హంస’ ఈ దశలో చాలామంది కల. జంతువుల మీద రాసిన ఆ సూట్ మొత్తంలో తన జీవితకాలంలో అచ్చు వేయడానికి ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్క భాగానికే. ‘ఏ’ (A) తీగ మీద నాలుగో పొజిషన్‌లో, అంటే ఎడమ చేతిని తీగ వెంట కిందికి జరిపి పట్టే చోట, చిటికెన వేలితో జి స్వరం మొదలవుతుంది; ఎడమ చేతికి అది పెద్ద కష్టం కాదు. కష్టమంతా కుడి చేతిదే, ఎందుకంటే కమాను చివరికి వచ్చేసరికి ధ్వని సన్నబడకుండా అంత నెమ్మదిగా లాగడం ఒక్క నెలలో వచ్చే విద్య కాదు. ఫోరే రాసిన ‘సిసిలియెన్’ కూడా ఇలాగే వినేవారిని వెంటనే కట్టిపడేస్తుంది. ఇబ్బందల్లా పియానో వాయించే మనిషి దొరకడంలోనే ఉంది. మా ఊళ్లో నాకు ఎవరూ దొరక్క, ఫోన్‌లో పియానో రికార్డింగు పెట్టుకొని ‘హంస’ను రెండు నెలలు సాధన చేశాను. పొజిషన్ మారే చోట నా చేయి అర క్షణం ఆలస్యమైతే పియానో తన దారిన తాను వెళ్లిపోయేది. దాన్ని అందుకోవాలన్న తొందరలో కమాను కుదించడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటును వదిలించుకోవడానికి మరో రెండు నెలలు పట్టింది. మనిషి తోడుంటే ఆగుతాడు, వింటాడు, కలుపుకొని వెళ్తాడు. రికార్డింగుకు ఆ గుణం లేదు.

అయితే పియానో తోడుతో అమ్మే పుస్తకాల్లో కొన్ని నిజానికి రెండు గొంతుల (రెండు స్వర వరుసల) రచనలే అన్న సంగతి తెలిశాక నా సాధన తీరే మారిపోయింది. వివాల్డి ఇ మైనర్ సొనాటా (కొన్ని భాగాల వాద్య రచన), ఆయన రచనల జాబితాలో ఆర్.వి. 40, చెల్లోకూ దాని కింద నడిచే బాస్ (అడుగు స్వరాల) వరుసకూ రాసినది. పియానో భాగంలో కనిపించే మిగతా స్వరాలు తరవాతి కాలపు సంపాదకులు నింపినవి. చాలామంది విద్యార్థులు వాయించే బ్రెవాల్ సి మేజర్ సొనాటా కూడా మొదట చెల్లోకు, బాస్‌కు రాసినదే. కాబట్టి పియానో కాగితంలో ఎడమ చేతికి రాసిన వరుసను రెండో చెల్లో చక్కగా అందుకోగలదు. మధ్యలో నిండుదనం కొంత తగ్గుతుందన్నది నిజం. దానికి బదులుగా రెండు గొంతులు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ ఒరుసుకుంటున్నాయో చెవికి స్పష్టంగా తెలుస్తుంది. వివాల్డి సొనాటాలోని మొదటి లార్గోను (నెమ్మదిగా సాగే భాగాన్ని) నేనూ నా సహవిద్యార్థీ ఇలా వాయించిన సాయంత్రమే, ఆ రచనను నేను మొదటిసారి పూర్తిగా విన్నాననిపించింది.

ఇక మొదటినుంచీ రెండు చెల్లోల కోసమే రాసిన వాటిలో ఆఫెన్‌బాఖ్ డ్యూయెట్లకు నేను మొదటి స్థానం ఇస్తాను. ఆయన పేరు చెప్పగానే పారిస్ ఆపరెట్టాలు (తేలికపాటి సంగీత నాటకాలు) గుర్తొస్తాయి కానీ, 1819లో కొలోన్‌లో పుట్టిన ఆయన మొదట చెల్లో వాద్యకారుడు. ఓపస్ (రచన సంఖ్య) 49 నుంచి 54 వరకూ ఆయన కూర్చిన డ్యూయెట్లు మెట్టు మెట్టుగా కష్టమవుతూ పోతాయి. వాటి స్వరపత్రాలు ఐఎంఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ స్వరపత్రాల గ్రంథాలయంలో ఉచితంగానే దొరుకుతాయి. పాఠం కోసం రాసినవైనా వాటిలో పాఠపు వాసన ఉండదు, ఎందుకంటే రాగం ఒక చెల్లో దగ్గర కాసేపు ఉండి రెండోదాని చేతికి వెళ్తుంది, తోడుగా ఉన్నవారు ముందుకు వస్తారు. చాలా డ్యూయెట్ పుస్తకాల్లో రెండో గొంతు గురువు కోసం రాసిన ఊతం మాత్రమే. ఇద్దరు సమాన విద్యార్థులకు అలాంటి పుస్తకం త్వరగా విసుగు తెప్పిస్తుంది.

శ్రుతి విషయంలో వీటి మేలు ఇంకా పెద్దది. మంద్రంలో ఒకరూ ఒక స్థాయి పైన మరొకరూ ఒకే స్వరాన్ని పట్టినప్పుడు, ఏ కొంచెం తేడా ఉన్నా ధ్వనిలో అలలు లేచినట్టు కొట్టుకుంటుంది. వేలిని వెంట్రుకవాసి జరిపితే ఆ అలలు నెమ్మదించి ఆగిపోతాయి, చెల్లో చెక్క మొత్తం మోగుతున్నట్టు ఒడిలో తెలుస్తుంది. ట్యూనర్‌లోని ముల్లును చూస్తూ ఏళ్ల తరబడి నేర్చుకోలేనిది ఇలా చెవి దానంతటదే నేర్చుకుంటుంది. తంబురా ముందు కూర్చున్న మనవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

రెండో చెల్లో దొరకనివారికి వయొలిన్ తోడు మేలైన మార్గం. కర్ణాటక వయొలిన్ వాయించే స్నేహితులు మనకు సులువుగానే దొరుకుతారు కానీ, వారి తీగలు స-ప-స-ప పద్ధతిలో శ్రుతి చేసి ఉంటాయి, వారికి పాశ్చాత్య స్వరలిపి చదివే అలవాటు సాధారణంగా ఉండదు. అందువల్ల ఆ కలయికకు ఇద్దరి వైపు నుంచీ ఓపిక కావాలి. పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకున్న వయొలిన్ తోడు ఉంటే మాత్రం గ్లియెర్ 1909లో రాసిన ఎనిమిది రచనల సంపుటి, ఓపస్ 39, తప్పక చూడాలి. అందులో చెల్లో అడుగున మిగిలిపోదు. ‘బెర్సూజ్’, అంటే జోలపాట, ‘కాంజొనెట్టా’ ఈ దశవారికి ప్రయత్నించదగ్గవి. చివరి ‘స్కెర్జో’, ‘ఎత్యూద్’ వేగం వల్ల కొన్నేళ్లు ఆగవలసినవి. పేరున్న హాండెల్-హాల్వోర్సెన్ పాసకాలియా అనే కష్టమైన జంట రచన జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. వీడియోల్లో చూసి ఆశపడి మొదలుపెట్టినవారు రెండో పుటలోనే ఆగిపోవడం నాకు తెలుసు.

మేమిద్దరం ఇప్పుడు వారానికి ఒక సాయంత్రం కూర్చుంటాం. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా స్టాండుకు బట్టల క్లిప్పులు పెట్టి, ముందుగా ఖాళీ తీగలను ఒకరితో ఒకరం సరిచూసుకుంటాం. ప్రతి డ్యూయెట్‌నూ రెండుసార్లు వాయిస్తాం. రెండోసారి కుర్చీలు కదపకుండా గొంతులు మాత్రం మార్చుకుంటాం. ఓపస్ 49 పూర్తయింది, 50లో సగానికి వచ్చాం. బాఖ్ మినూయెట్లు ఉదయం పూట నాకోసం నేను వాయించుకుంటాను. ‘హంస’ మాత్రం పియానో మనిషి దొరికేదాకా పుస్తకంలోనే ఉంటుంది.