కడప ఎండలో మూడు జతల టైర్లు: నా ఆర్‌ఆర్ 310 అనుభవం

కడపలో స్పోర్ట్ బైకు టైరు అంచులు అరిగి చావదు, నడిమిన అరిగి చస్తాది. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు మూడు జతల టైర్లు, 37,000 కిలోమీటర్లు పట్టింది.

బండి టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310, 2020 చివర్లో కొన్నాను. ముందు టైరు 110/70, వెనకది 150/60 (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు), రెండూ 17 అంగుళాల రేడియల్స్. 2017 డిసెంబరులో ఈ బండి మొదట వచ్చినప్పుడు మిషెలిన్ పైలట్ స్ట్రీట్ టైర్లుండేవి. 2020లో బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) మోడల్‌కు మిషెలిన్ రోడ్ 5 వేశారు. నా అదృష్టం ఏమంటే, మంచి టైరు బండితోనే వచ్చింది. నా తెలివి ఏమంటే, దాని విలువ తెలియక రెండో జతకు ఇంకొకటి వేయించుకున్నాను.

నేను తిరిగే దారులు చెప్తే మిగతాది అర్థమవుతుంది. వారానికి రెండుసార్లు ఎర్రగుంట్ల. నెలకోసారి బెంగళూరులో అక్క వాళ్లింటికి, రాయచోటి, మదనపల్లె మీదుగా. అంటే గువ్వలచెరువు ఘాటు ప్రతి నెలా రెండుసార్లు, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. మిగిలింది ఊర్లో తిరుగుడు. ఘాటు మలుపులు ఎన్ని కిలోమీటర్లని? మిగతాదంతా గీత గీసినట్టు తిన్నటి రోడ్డే. కడప ఏడు రోడ్ల దగ్గర టీ తాగే పిల్లకాయలు నా వెనక టైరు అంచుల మీద ఇంకా కొత్తగా ఉన్న రబ్బరు చూసి నవ్వుతారు. బండి బాగా వంచితేనే అంచులు అరుగుతాయి కదా. నవ్వనీ. వాళ్లు తమ టైర్ల అంచులు అరగదీసింది ఖాళీ మైదానంలో గుండ్రంగా తిప్పే.

మొదటి జత వెనక టైరు 15,000 దాకా వచ్చింది. రోడ్ 5లో నడిమి రబ్బరు కాస్త గట్టిది, పక్కల రబ్బరు మెత్తది. తిన్నగా పోయేటప్పుడు గట్టిది నేలకు తగులుతుంది, వంచినప్పుడు మెత్తది పట్టుకుంటుంది. కంపెనీ పుస్తకంలో చదివితే ప్రకటన లాగా ఉంటుంది. రెండో జత వేశాకే అది ప్రకటన కాదని తెలిసింది.

దాని వాన గుణం తెలిసింది 2021 నవంబరులో. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన ఆ నెల గుర్తుండే ఉంటుంది, జిల్లా అంతా నీళ్లే. అప్పటికి నా వెనక టైరు సగం పైగా అరిగింది. అయినా తడి రోడ్డు మీద బ్రేకు పట్టుకుంటే బండి అడ్డం తిరగలేదు. కారణం ఉంది. ఈ టైరులో గాడులు పైన సన్నగా, లోపలికి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటాయి. అరిగేకొద్దీ గాడి నోరు పెద్దదవుతుంది, నీళ్లకు దారి దొరుకుతుంది. ఇది మాత్రం బ్రహ్మాండమైన పని. కాకపోతే జీబ్రా గీతల తెల్ల రంగు మీద, ఎండాకాలం పోయాక పడే తొలి జల్లులో, ఏ టైరూ దేవుడు కాదు.

ఇక రెండో జత. పేరు రాయను, పేరు కన్నా రకం ముఖ్యం. మెత్తటి స్పోర్ట్ రకం, గాడులు తక్కువ, చూడ్డానికి రేసు బండిది లాగా ఉండేది. ధర మూడోవంతు తక్కువ. మొదటి నెల గువ్వలచెరువులో అబ్బో, బండిని ఎంత వంచితే అంత వంగింది. పాలకోవా అంగడి కాడ దిగి టైరు మీద చెయ్యి పెడితే జిగురుగా అంటుకుంది. నాకు నేనే హీరోని.

ఆ సంబరం ఏప్రిల్ దాకానే. మధ్యాహ్నం ఎండలో మన తారు రోడ్డు పెనమే కదా. అలాంటి రోడ్డు మీద మెత్తటి రబ్బరును నూరు కిలోమీటర్లు తిన్నగా నడిపితే పెన్సిలును సానపట్టినట్టే. ఐదు వేలకే నడిమి చదునైంది. చదునైన టైరుతో మలుపు తిరగడం ఎట్లుంటుందంటే, మొదట బండి వంగనని మొండికేస్తుంది, ఆ చదును అంచు దాటగానే ఉన్నట్టుండి పడిపోతున్నట్టు వంగుతుంది. ఘాటులో ఎదురుగా లారీ ఉన్నప్పుడు ఆ ఒక్క క్షణం చాలు ఒళ్లంతా చెమట పట్టడానికి. అంచుల్లో రబ్బరు కొత్తగానే ఉంది, నడిమిన ప్రాణం పోయింది. 7,500కు తీసేశాను. ధరలో మూడోవంతు మిగిలింది, బతుకులో సగం పోయింది. లెక్క మీరే వేసుకోండి.

మళ్లీ రోడ్ 5 జత ఆర్డరు పెట్టిన రోజు మా నాయన అడిగాడు, ఎంతయిందిరా అని. చెప్పాను. "ఆ దుడ్డుకు రెండు పొట్టేళ్లు వచ్చుండు గదరా" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

బిగించే చోటు గురించి ఒక మాట. మొదటిసారి ఒక చోట ఇనప కడ్డీలతో పీకించి రిమ్ము మీద గీతలు పడేయించుకున్నాను. తర్వాత కార్ల టైర్లు మార్చే మిషను ఉన్న అంగడికే పోతున్నా. టైరు పక్కన బాణం గుర్తు తిరిగే దిక్కుకే ఉందా, తయారీ తేదీ ఎంత అన్నది నేనే చూసుకుంటా. చివరి నాలుగు అంకెలు 2322 అంటే 2022లో 23వ వారం. ఏళ్ల తరబడి గోడౌనులో మగ్గిన టైరు తక్కువకు ఇస్తామంటే నవ్వి వచ్చేయండి.

కొత్త టైరు వేసిన మొదటి నూట యాభై కిలోమీటర్లు మాత్రం అత్తగారింటికి కొత్తగా వచ్చిన అల్లుడి మాదిరి మర్యాదగా నడపాలి. పైన నున్నటి పొర అరిగే దాకా జారుతుంది.

టైరు ఏదైనా అసలు కథ గాలిది. పంచరు అంగడి తమ్ముడు ప్రతిసారీ "అన్నా, ఎండాకాలం, రెండు తక్కువ కొట్టేదా?" అంటాడు. వద్దు. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలిగి, ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. తెల్లారుజామున, బండి తీయకముందు, బండి స్టిక్కరు మీద రాసి ఉన్నంత కొట్టించి వదిలేయాలి. మధ్యాహ్నం చూస్తే గాలి ఒత్తిడి నాలుగైదు పాయింట్లు పెరిగి ఉంటుంది, అది సహజం, తీసేయకూడదు. బంకుల్లో మీటర్లు ఒక్కోటి ఒక్కో మాట చెప్తాయి కాబట్టి చిన్న గేజి ఒకటి కొనుక్కున్నాను. నైట్రోజన్ అంటూ డబ్బులు అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, అది ఉచితం.

వెడల్పు టైరు పిచ్చి కూడా చూస్తున్నా. 150 తీసి 160 వేయించుకుంటున్నారు. దానికి నాలుగున్నర అంగుళాల రిమ్ము కావాలి. నాలుగు అంగుళాల రిమ్ములో ఇరికిస్తే టైరు పక్కలు నొక్కుకుపోయి ఆకారమే మారుతుంది. వెనక నుంచి ఫోటోకు బాగుంటుంది, బండి మాత్రం మలుపులో బద్ధకిస్తుంది.

ఎర్రగుంట్ల దారిలో నాపరాయి లారీల నుంచి రాలిన పొడి, బండ ముక్కలు ఉంటాయి. ఆ పొడి మీద ఏ కంపెనీ టైరైనా సబ్బు బిళ్లే, అక్కడ టైరును తిట్టి లాభం లేదు, వేగం తగ్గించుకోవడమే. ఒకసారి రాయి ముక్క గుచ్చుకుని గాలి పోయింది. పైనుంచి స్ట్రిప్ (పంచరు రంధ్రంలో దూర్చే రబ్బరు పుల్ల) వేయించి ఇంటికొచ్చి, మరుసటి రోజు టైరు విప్పించి లోపలి నుంచి ప్యాచ్ వేయించాను. బెంగళూరు దాకా స్ట్రిప్‌ను నమ్ముకుని పోయే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడున్న జత 14,500 దగ్గర ఉంది. వెనక నడిమిన కొంచెం చదునైంది, అది నా తిన్నటి రోడ్ల పాపం. గాడిలో టీడబ్ల్యూఐ గుర్తుకు (టైరు మార్చాల్సిన హద్దు చూపే గుర్తు) రబ్బరు దాదాపు సమానంగా వచ్చింది. ముందుది ఇంకో ఐదు వేలు వస్తుంది. నవంబరు వానలకు ముందే వెనకది ఒక్కటి మార్చాలి, మళ్లీ అదే. ఈసారి నాయన ఇంట్లో లేనప్పుడు తెప్పించుకుంటా.